సైకిల్ ఫ్రేముకు ఫోమ్ చెక్కేవారికి చిట్కాలు

వెల్డింగ్ యంత్రం లేదు, అచ్చులు లేవు, పెద్ద ఓవెన్ అసలే లేదు. అయినా ఇంటి డాబా మీద సొంత సైకిల్ ఫ్రేము చేసుకోవచ్చు. లోపల తేలికైన ఫోమ్ చెక్కి, దాని మీద గాజు గుడ్డో కార్బన్ గుడ్డో పరిచి, ఎపాక్సీ రెజిన్ పట్టించడమే పద్ధతి. ఇది కొత్త సంగతి కాదు. అమెరికాలో బర్ట్ రూటన్ అనే ఇంజనీరు రూపొందించిన వేరీ-ఈజీ అనే చిన్న విమానం 1975లో ఇలాగే ఎగిరింది. అచ్చు అవసరం లేకుండా ఫోమ్‌ను వేడి తీగతో కోసి, పైన గాజు గుడ్డ పరిచి, మామూలు మనుషులు తమ గ్యారేజీల్లోనే ఆ విమానాలు కట్టుకున్నారు. అంత బరువు మోసే రెక్కలకు పనికొచ్చిన పద్ధతి సైకిల్‌కూ పనికొస్తుంది.

కానీ ఒక్క మాట ముందే చెప్పాలి. గుడ్డ ఏ తప్పునూ దిద్దదు. ఫోమ్ ఎలా ఉంటే గుడ్డ అలా కూర్చుంటుంది. గుంత ఉంటే గుంతలోకి దిగుతుంది, వంకర ఉంటే వంకరగానే గట్టిపడుతుంది. అందుకే మొత్తం పనిలో ఎక్కువ కాలం ఫోమ్ దగ్గరే గడపాలి. ఈ చిట్కాలన్నీ ఆ సంగతి దృష్టిలో పెట్టుకుని రాసినవే.

1. మొదటి ఫ్రేములో అన్నీ మీరే చేయాలనుకోకండి. పాత ఇనుప సైకిల్ ఒకటి తీసుకోండి. సీటు గొట్టం, పెడల్ ఇరుసు తిరిగే గొట్టం, వెనక చక్రం పట్టే కొమ్ములు కలిసి ఉన్న వెనక భాగాన్ని కదపకుండా అలాగే ఉంచండి. పై గొట్టం, కింది గొట్టం కోసేయండి. హ్యాండిల్ కూర్చునే ముందు గొట్టాన్ని విడిగా తీసి పెట్టుకోండి. ఈ రెండు ఇనుప ముక్కల మధ్య దూలమే మీరు ఫోమ్‌తో చేసేది. మరలు, బేరింగులు, సీటు బిగింపు అన్నీ కంపెనీ కొలతల్లోనే ఉంటాయి కాబట్టి సగం బెడద తప్పుతుంది. ముందు ఫోర్కును మాత్రం ఎన్నటికీ ఇంట్లో చేయకండి. ఫ్రేములో పగులు వస్తే చాలాసార్లు కిర్రుమనో, మెత్తబడో ముందుగా తెలుస్తుంది. ఫోర్కు విరిగితే మనిషి నేరుగా నేల మీద మొహం కొట్టుకుంటాడు. అది కొనుక్కోండి.

2. కొలతలు ఊహించి గీయవద్దు. మీకు హాయిగా ఉన్న సైకిల్ ఒకటి గోడకు నిటారుగా నిలబెట్టి కొలవండి. పెడల్ ఇరుసు నుంచి సీటు పైభాగం దాకా, సీటు నుంచి హ్యాండిల్ దాకా, చక్రాల ఇరుసుల గీత కంటే పెడల్ ఇరుసు ఎంత కిందికి ఉందో అన్నీ రాసుకోండి. రోడ్డు సైకిళ్లలో పెడల్ ఇరుసు సుమారు 70 మిల్లీమీటర్లు కిందికి ఉంటుంది. ముందు గొట్టం వాలు సాధారణంగా 71 నుంచి 73 డిగ్రీల మధ్య ఉంటుంది. ఆ వాలు ఒక్క డిగ్రీ మారినా హ్యాండిల్ స్వభావం మారిపోతుంది. కాబట్టి అక్కడ ప్రయోగాలు వద్దు.

3. బొమ్మను నిలువెత్తు కొలతలో కాగితం మీద ప్రింటు తీయించండి. ఇళ్ల ప్లాన్లు ప్రింటు తీసే ప్లాటర్ షాపులో ఈ పని అవుతుంది. ఫ్లెక్సీ మీద వేయించకండి, ఆ గుడ్డ సాగుతుంది. బొమ్మలో ఒక మూల సరిగ్గా 500 మిల్లీమీటర్ల గీత ఒకటి గీసి ఉంచండి. ప్రింటు చేతికి రాగానే స్టీలు స్కేలుతో ఆ గీతను కొలవండి. తేడా ఉంటే మళ్లీ తీయించండి.

4. ఏ ఫోమ్ కొనాలన్నది అన్నిటికంటే పెద్ద ప్రశ్న. టీవీ పెట్టెల్లో వచ్చే తెల్ల థర్మోకోల్ పూసలుగా ఉంటుంది. చెక్కుతుంటే పూసలు రాలి గుంతలు పడతాయి. ఆ గుంతలన్నీ రెజిన్ తాగి బరువు పెంచుతాయి. పెళ్లి మండపాల మీద వధూవరుల పేర్లు కోయడానికి అది బ్రహ్మాండంగా పనికొస్తుంది కానీ ఫ్రేముకు వద్దు.

మనకు కావలసింది ఎక్స్‌పీఎస్ అనే పలక. మేడ కప్పుల మీద వేడి దిగకుండా పరిచేది ఇదే. నీలంగానో గులాబీ రంగులోనో ఉంటుంది. గోటితో నొక్కితే సన్నని, సమానమైన గదులు కనిపిస్తాయి, పూసలు ఉండవు. ఘనపు మీటరుకు 30 నుంచి 40 కిలోల బరువున్నది చూసుకోండి. ఉప్పు కాగితంతో రుద్దితే నున్నగా వస్తుంది, వేడి తీగతో చక్కగా తెగుతుంది.

మూడోది పాలీయురేథేన్ ఫోమ్, పసుపు రంగులో ఉండేది. చేత్తో చెక్కడానికి ఇంత హాయిగా ఉండేది ఇంకొకటి లేదు. రూటన్ విమానాల్లో కూడా రెక్కలకు వేడి తీగతో కోసే పాలిస్టైరిన్, వంపులు తిరిగే చోట చెక్కే యురేథేన్ వాడారు. అయితే యురేథేన్ పొడి ఇల్లంతా పరుచుకుంటుంది. పైగా దాన్ని వేడి తీగతో కోయడం ప్రాణాంతకం. కాలితే వచ్చే పొగలో హైడ్రోజన్ సయనైడ్ ఉంటుంది. ఏ ఫోమో తెలియని ముక్కకు వేడి తీగ తగిలించకండి.

నా మాట వినేవారైతే మొదటిసారి ఎక్స్‌పీఎస్‌తోనే చేయండి.

5. రెజిన్ కొనేముందు దాని చుక్క వేసి చూడడానికి ఫోమ్ ముక్క ఒకటి జేబులో పెట్టుకుని వెళ్లండి. పడవలకు, నీళ్ల ట్యాంకులకు వాడే పాలిస్టర్ రెజిన్ చవక. కానీ అందులో స్టైరీన్ ఉంటుంది. అది పాలిస్టైరిన్ ఫోమ్‌ను కళ్లముందే కరిగించేస్తుంది. ఎక్స్‌పీఎస్ మీద ఎపాక్సీయే వాడాలి. పెట్రోలు, థిన్నర్, ఎసిటోన్, స్ప్రే పెయింటు కూడా ఈ ఫోమ్‌కు శత్రువులే. అందుకే ఇనుప భాగాలను ఎసిటోన్‌తో తుడిచే పనంతా ఫోమ్ దగ్గరికి రాకముందే ముగించాలి.

6. పలక మందం చాలక రెండు మూడు అతికించాల్సి వస్తుంది. ఇక్కడ చాలామంది తెల్ల జిగురు వాడతారు. అది గాలి తగిలితేనే ఆరుతుంది. ఎక్స్‌పీఎస్ గుండా గాలి పోదు కాబట్టి నెల తర్వాత విప్పినా మధ్యలో పచ్చిగానే ఉంటుంది. చెప్పులకు వాడే రబ్బరు జిగురు ఫోమ్‌ను తినేస్తుంది. కొద్దిగా ఎపాక్సీలో గాజు పొడి కలిపి పలుచగా రాయండి, లేదా తేమతో పొంగే పాలీయురేథేన్ జిగురు వాడండి.

జిగురు ఎక్కడ రాస్తున్నారో కూడా చూసుకోవాలి. ఆరిన జిగురు ఫోమ్ కంటే చాలా గట్టిది. తరవాత రుద్దేటప్పుడు కాగితం ఇరుపక్కలా మెత్తని ఫోమ్‌ను తినేసి జిగురు గీతను గట్టులా మిగుల్చుతుంది. వేడి తీగ కూడా అక్కడికి రాగానే ఆగిపోతుంది. అందుకని చివరికి చెక్కేయబోయే అంచుల్లో రెండు అంగుళాల దాకా జిగురు రాయకుండా వదిలేసి, మధ్యలోనే రాయండి. పలక పైన మెరిసే పొర ఉంటుంది కదా, అతికించే ముందు దాన్ని 80 నంబరు కాగితంతో రుద్ది తీసేయాలి. ఆ మెరుపు మీద ఏదీ పట్టదు.

7. ఫోమ్ కంటే ముందు ఇనుము నిలబడాలి. సమతలంగా ఉన్న బల్ల కావాలి. చెక్క బల్లలు వానాకాలంలో వంగుతాయి. వంటగది గట్టు వేసే షాపుల్లో మిగిలిన నున్నటి గ్రానైట్ పలక అడిగి తెచ్చుకోండి. ఇంట్లో దొరికే వాటిలో అంత చదునైనది ఇంకొకటి ఉండదు. దాని మీద ప్రింటు పరిచి, వెనక భాగాన్నీ ముందు గొట్టాన్నీ చెక్క దిమ్మెలతో బిగించి సరిగ్గా బొమ్మ మీద నిలబెట్టండి.

ఇప్పుడు ముఖ్యమైన పరీక్ష. సీటు గొట్టంలోకి ఒకటి, ముందు గొట్టంలోకి ఒకటి పొడవాటి నిటారు కడ్డీలు దూర్చండి. గొట్టంలో కదలకుండా రెండు కొసలా కాగితం చుట్టి బిగించండి. ఫ్రేము ముందు నిలబడి ఒక కన్ను మూసి చూడండి. ముందు కడ్డీ వెనక కడ్డీని మొత్తం పొడవునా కప్పేయాలి. పైన కప్పి కింద విడిపోయి కనిపిస్తే ముందు గొట్టం మెలితిరిగిందన్నమాట. చేతులు వదిలి తొక్కితే అలాంటి సైకిల్ ఎప్పుడూ ఒక పక్కకే లాగుతుంది. రసమట్టంతో కూడా చూడొచ్చు కానీ ఇలాంటి మెలికను కన్ను ఇంకా త్వరగా పడుతుంది.

ఆ తర్వాత దారం పరీక్ష. ముందు గొట్టం చుట్టూ సన్నని దారం తిప్పి రెండు కొసలనూ వెనక కొమ్ముల దాకా లాగి కట్టండి. సీటు గొట్టానికి ఎడమ దారం ఎంత దూరంలో ఉందో, కుడి దారం ఎంత దూరంలో ఉందో కొలవండి. రెండూ సమానంగా ఉండాలి. ఒక మిల్లీమీటరు తేడా వరకూ సర్దుకోవచ్చు. అంతకు మించితే బిగింపు విప్పి మళ్లీ సర్దండి. ఫోమ్ అతికాక ఇక ఏదీ సర్దలేరు.

8. వేడి తీగ కొనక్కర్లేదు, చేసుకోవచ్చు. 0.4 మిల్లీమీటర్ల నైక్రోమ్ తీగ 60 సెంటీమీటర్లు, చెక్క విల్లు ఒకటి, 12 వోల్టుల బ్యాటరీ ఉంటే చాలు. అంత తీగ రెండు ఆంపియర్లకు కాస్త పైన తీసుకుంటుంది. వేడెక్కితే తీగ సాగి వదులవుతుంది కాబట్టి ఒక చివర స్ప్రింగు తప్పనిసరి. ఇంటి కరెంటును నేరుగా ఆ తీగకు ఎప్పుడూ ఇవ్వకండి.

తీగ ఎర్రబడకూడదు. సరైన వేడిలో కోత పక్క నుంచి సన్నని పోగులు లేస్తాయి. పొగ వస్తే వేడెక్కువైంది, తీగ ఆనిన చోటల్లా ఫోమ్ లోపలికి కరిగిపోతుంది. చేత్తో నెట్టాల్సి వస్తే వేడి తక్కువ. అప్పుడు తీగ మధ్యలో వెనకబడి వంగుతుంది, కోత పొట్ట వచ్చినట్టు తేలుతుంది. ముందు పనికిరాని ముక్క మీద చూసుకోండి.

వంపు కోసేటప్పుడు రెండు పక్కలా సన్‌మైకా ముక్కలతో చేసిన నమూనాలు గుచ్చి, వాటి అంచుల మీదుగా తీగ జరపండి. ఇద్దరు ఉండాలి. రెండు నమూనాల మీదా ఒకే విధంగా 1, 2, 3 అని అంకెలు వేసుకుని, ఒకరు అంకె పలుకుతుంటే ఇద్దరూ ఒకేసారి ఆ గుర్తు మీదికి రావాలి. ఇంట్లో విమానాలు కట్టుకున్నవాళ్ల అలవాటు ఇది. పిల్లలను సాయం పిలవచ్చు కానీ తీగ వాళ్ల చేతికివ్వకండి. తలుపులు తీసిన చోట, వీలైతే డాబా మీద చేయండి.

9. దూలం ఎంత లావుండాలి? గొట్టం గోడ మందం మారకుండా వ్యాసం రెట్టింపు చేస్తే వంగని గుణం ఎనిమిది రెట్లవుతుంది, బరువు మాత్రం రెండింతలే. లావుగా చేయమని చెప్పే లెక్క ఇదే. కార్బన్ ఫ్రేముల గొట్టాలు ఇనుప ఫ్రేముల గొట్టాల కంటే లావుగా కనిపించడానికి కారణం కూడా ఇదే. కాకపోతే మోకాళ్లకు అడ్డం రాకూడదు. తొడల మధ్యకు వచ్చే చోట 60 మిల్లీమీటర్లు మించకండి. పెడల్ ఇరుసు గొట్టం వెడల్పు ఎక్కువ సైకిళ్లలో 68 మిల్లీమీటర్లు. అక్కడ ఫోమ్, దానిమీద గుడ్డ కలిసి ఆ వెడల్పు దాటితే క్రాంకు రాసుకుంటుంది. ఎత్తు మాత్రం మీ ఇష్టం.

దూలానికి వింత ఆకారం ఇవ్వాలని ఉంటుంది. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో క్రిస్ బోర్డ్‌మన్ లోటస్ 108 మీద 4000 మీటర్ల పర్స్యూట్ బంగారు పతకం గెలిచాక ఆ మోజు ప్రపంచమంతా పాకింది. మైక్ బరోస్ ఆలోచనతో పుట్టిన ఆ ఫ్రేములో విడివిడి గొట్టాలే లేవు. తర్వాత అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం 1996లో లుగానోలో తీసుకున్న నిర్ణయాలతో అలాంటి ఫ్రేములను పందేల నుంచి తప్పించింది. మీరు పందేల్లో దిగాలనుకుంటే త్రికోణం ఆకారమే ఎంచుకోండి. ఊళ్లో తిరగడానికైతే మీ ఇష్టం.

10. ఇప్పుడు చెక్కడం. కోసిన దిమ్మెను ఇనుప భాగాల మధ్య సరిగ్గా ఇమిడేలా చేసుకుని, తాత్కాలికంగా టేపుతో నిలపండి. మొట్టమొదట దిమ్మె చుట్టూ నట్టనడి గీత గీయండి. పైన, కింద, ముందు, వెనక అన్ని వైపులా ఆ గీత ఉండాలి. పని పూర్తయ్యేదాకా ఆ గీత చెరిగిపోకూడదు. అంటే మీరు ఎంత చెక్కినా అక్కడ మాత్రం ఫోమ్ తగ్గకూడదన్నమాట. అది చెరిగిన క్షణం నుంచి మీకు ఏది నడుమో తెలియదు.

నలుచదరపు దిమ్మెను గుండ్రంగా చేయాలంటే నేరుగా గుండ్రంగా రుద్దకండి. ముందు నాలుగు మూలలూ సమానంగా కోసి ఎనిమిది ముఖాలు తేవాలి. ఆ ఎనిమిదింటి మూలలు కోస్తే పదహారు. అప్పుడు కాగితంతో కలిపేయాలి. ప్రతి దశలోనూ ముఖాల వెడల్పు కంటికి కనిపిస్తుంది కాబట్టి ఎడమా కుడీ తేడా రాదు. వడ్రంగులు చెక్క కర్రను గుండ్రం చేసే పద్ధతే ఇది.

పనిముట్ల సంగతికొస్తే, పెద్ద కోతలకు హాక్సా బ్లేడు, తర్వాత 60 నంబరు ఉప్పు కాగితం, చివర 120 నంబరు. అంతకంటే నున్నగా చేయకండి, రెజిన్‌కు కాస్త గరుకు కావాలి. కాగితాన్ని వట్టి చేత్తో పట్టి రుద్దితే వేళ్లు నొక్కిన చోటల్లా గాళ్లు పడతాయి. ఒక అడుగు పొడవున్న నిటారు చెక్కకు కాగితం అంటించి, దూలం పొడవుకు ఏటవాలుగా రుద్దండి. ఎత్తుగా ఉన్న చోట్లనే కాగితం తాకుతుంది, పల్లం దానంతటదే ముట్టుకోదు. పుటాకారంగా ఉన్న చోట్లకు తగిన లావు పీవీసీ పైపు ముక్కకు కాగితం చుట్టి వాడండి.

పగటి వెలుతురు కంటే రాత్రి ఒకే ఒక్క దీపం పక్కగా పెట్టి చూస్తే మిట్టపల్లాలు స్పష్టంగా కనిపిస్తాయి. కన్ను మూసుకుని అరచేతితో నెమ్మదిగా తడిమితే ఇంకా బాగా తెలుస్తుంది. ఫోమ్ పని చేసేవారికి అరచేయి కొన్నాళ్లకు కొలబద్ద అయిపోతుంది.

ప్రతి 10 సెంటీమీటర్లకు ఒక చోట అట్టతో అడ్డుకోత నమూనా చేసుకోండి. ఎడమ వైపు ఆనించి సరిపోయిందనుకున్నాక, అదే అట్ట తిరగేసి కుడి వైపు ఆనించండి. కొత్త అట్ట చేయకండి. ఒకే అట్ట రెండు వైపులా కూర్చుంటేనే ఇరుపక్కలూ ఒకటి.

11. గుడ్డ మందాన్ని ముందే తీసేయండి. గుడ్డ, రెజిన్ కలిపి రెండు మిల్లీమీటర్ల మందం వస్తుందనుకుంటే ఫోమ్‌ను ప్రతి వైపూ రెండు మిల్లీమీటర్లు తక్కువగా చెక్కాలి. ఇనుప గొట్టం మీదికి గుడ్డ ఎక్కే చోట ఇంకా ఎక్కువ పొరలు ఉంటాయి, అక్కడ ఇంకాస్త తగ్గించాలి.

12. పదునైన అంచు ఎక్కడా ఉండకూడదు. గాజు గుడ్డ, కార్బన్ గుడ్డ పదునైన మలుపు తిరగవు. అక్కడ పైకి లేచి లోపల గాలి బుడగ పడుతుంది. బయటి మూలలను కనీసం ఐదారు మిల్లీమీటర్ల వంపుతో గుండ్రం చేయండి. లోపలి మూలల్లో, ముఖ్యంగా ఫోమ్ ఇనుప గొట్టాన్ని కలిసే చోట, గాజు పొడి ముద్దతో వాలు కట్టండి.

ఆ ముద్ద ఎలా కలపాలంటే, ఎపాక్సీలో గాజు పొడి, అంటే గాజు మైక్రోబెలూన్లు, కొద్దికొద్దిగా వేస్తూ గారెల పిండిలా గట్టిపడే దాకా కలపాలి. పుల్లతో తీస్తే జారకూడదు. మైక్రోబెలూన్లు గాలికి ఎగిరి ముక్కులోకి పోతాయి. మాస్కు పెట్టుకుని, ఫ్యాను ఆపి కలపండి.

13. బిగించే చోట ఫోమ్ ఉండకూడదు. నీళ్ల సీసా స్టాండు, బ్రేకు కేబుల్ పట్టీ, ఏ మర పెట్టాలన్నా అక్కడ ఫోమ్ తవ్వి ప్లైవుడ్ ముక్క లేదా గట్టి ఎపాక్సీ ముద్ద పెట్టాలి. ఫోమ్ నలిగిపోతుంది కాబట్టి మర ఎంత బిగించినా రోజురోజుకూ వదులవుతూనే ఉంటుంది. గుడ్డ వేశాక ఆ చోటు ఎక్కడుందో తెలియదు కనుక ముందే బొమ్మ మీద కొలత రాసి పెట్టుకోండి.

14. కేబుల్ లోపలి నుంచి పోవాలంటే ఇప్పుడే కాలువ కోసి ప్లాస్టిక్ గొట్టం పెట్టండి. గొట్టంలో దారం ఒకటి దూర్చి ఉంచితే తర్వాత కేబుల్ లాగడం సులువు. గొట్టం కొసలకు టేపు వేయడం మరవకండి, లేకపోతే రెజిన్ లోపలికి కారి గట్టిపడుతుంది.

15. ఇనుము మీద గుడ్డ పట్టాలంటే రంగు మొత్తం గీకి, మెరిసే లోహం కనిపించేలా 80 నంబరు కాగితంతో గరుకు చేయాలి. ఫోమ్ దగ్గర లేనప్పుడు ఎసిటోన్‌తో తుడిచాక మళ్లీ చేత్తో ముట్టుకోకండి. వానాకాలంలో అయితే గంటలోనే తుప్పు పొర మొదలవుతుంది, వెంటనే పలుచగా ఎపాక్సీ పూయండి. గుడ్డ గొట్టం అంచు దగ్గర ఆగిపోకూడదు, గొట్టం చుట్టూ తిరిగి వెనక్కి రావాలి. అతుకు మీద నమ్మకం కంటే చుట్టిన గుడ్డ మీద నమ్మకం ఎక్కువ. మీ ఫ్రేములో అల్యూమినియం ముక్క ఏదైనా ఉంటే దానికీ కార్బన్‌కూ మధ్య గాజు గుడ్డ పొర తప్పనిసరి. కార్బన్, అల్యూమినియం ఒకదాన్నొకటి తాకితే తేమకు అల్యూమినియం తినుకుపోతుంది.

16. ఫోమ్‌లో పడ్డ చిన్న గుంతలు, పూడని కీళ్లు అన్నీ 12వ చిట్కాలో చెప్పిన ముద్దతోనే పూడ్చండి. పలుచని ముద్దను ఫోమ్ అంతటా రబ్బరు పట్టీతో లాగి పూస్తే సన్న గదులు నిండిపోతాయి, గుడ్డలోని రెజిన్‌ను ఫోమ్ పీల్చుకోదు. కానీ మందంగా పూయకండి, ఒకేచోట గుంతలో ఎపాక్సీ పోయకండి. ఎపాక్సీ గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది, ఎక్కువ మోతాదు ఒకచోట ఉంటే ఆ వేడికే ఫోమ్ కరిగి లోపల గుల్ల పడుతుంది. పెద్ద గుంత పడితే ఫోమ్ ముక్కే అతికించడం మేలు.

17. గుడ్డ పరిచేది తెల్లవారుజామునో సాయంత్రమో పెట్టుకోండి. వేడి పది డిగ్రీలు పెరిగితే రెజిన్ పని చేసే సమయం సుమారు సగమవుతుంది. డబ్బా మీద అరగంట అని రాసి ఉన్నది మే నెల విజయవాడ మధ్యాహ్నానికి వర్తించదు. కొద్దికొద్దిగా కలుపుకోండి, వెడల్పాటి పళ్లెంలో పోసుకోండి.

పెడల్ తొక్కినప్పుడు దూలం మెలితిరగకుండా 45 డిగ్రీల వాలులో ఉన్న పోగులు ఆపుతాయి. వంగకుండా పొడవునా ఉన్న పోగులు ఆపుతాయి. రెండూ వేయాలి. ముడత పడ్డ పోగు బలం పోయినట్టే, కాబట్టి ముడత పడితే తీసి మళ్లీ పరవండి.

వ్యాక్యూమ్ బ్యాగు వాడేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. పూర్తి వ్యాక్యూమ్ అంటే ప్రతి వైపు నుంచీ సుమారు 100 కిలోపాస్కల్ ఒత్తిడి. మంచి ఎక్స్‌పీఎస్ 200కు పైనే తట్టుకుంటుంది. పలుచని థర్మోకోల్ అయితే కళ్లముందే కుంచించుకుపోతుంది.

18. లోపలి ఫోమ్ తీయాలా వద్దా అని అందరూ అడుగుతారు. ఆరు లీటర్ల ఎక్స్‌పీఎస్ బరువు 250 గ్రాములు కూడా ఉండదు. ఎసిటోన్ పోసి కరిగిస్తే ఆ బరువు తగ్గుతుంది. కానీ కరిగిన బంక మూలల్లో మిగులుతుంది, మండే ద్రావకంతో ఇంట్లో పని, పైగా లోపలి నుంచి పలుచని గోడను కాపాడే ఆధారం పోతుంది. తీయకండి.

19. పొడి, జిగురు రెండూ ఒంటికి పడవు. చెక్కేటప్పుడు మాస్కు, ఎపాక్సీ పట్టేటప్పుడు నైట్రైల్ గ్లౌజులు. ఎపాక్సీ చర్మానికి మళ్లీ మళ్లీ తగిలితే ఎలర్జీ రావచ్చు. అది ఒకసారి వచ్చిందంటే జీవితాంతం రెజిన్ వాసనకు కూడా దద్దుర్లు లేవవచ్చు. చేతికంటిన రెజిన్‌ను థిన్నర్‌తో కడిగితే చర్మంలోకి ఇంకా ఇంకుతుంది. సబ్బు, నీళ్లతో కడగండి. గట్టిపడ్డ కార్బన్‌ను రుద్దేటప్పుడు నీళ్లు చల్లుతూ రుద్దండి.

20. తెల్ల రంగు వేయండి. నల్లని కార్బన్ మెరుపు అందంగానే ఉంటుంది. కానీ మన ఎండల్లో నల్లని ఉపరితలం 60 డిగ్రీలు సులువుగా దాటుతుంది. గది వేడిలో గట్టిపడ్డ ఎపాక్సీ చాలావరకు ఆ చుట్టుపక్కలే మెత్తబడుతుంది. ఎక్స్‌పీఎస్ తట్టుకునేది 75 డిగ్రీల దాకే. రూటన్ విమానాలు తెల్లగా ఉండడానికి కారణం ఇదే. రంగు వేస్తే ఎండలోని అతినీల కిరణాల నుంచి రెజిన్‌కూ రక్షణ.

21. వాడే ముందు పరీక్ష. ఒక రూపాయి నాణెంతో ఫ్రేము అంతటా మెల్లగా కొడుతూ వెళ్లండి. ఎక్కడ చప్పుడు ఠంగుమనకుండా డొల్లగా వినిపిస్తుందో అక్కడ గుడ్డ ఫోమ్ నుంచి లేచింది. ఆ చోటు కోసి మళ్లీ కట్టండి. తర్వాత ఫ్రేమును దిమ్మెల మీద పెట్టి మీ బరువుకు రెండింతలు ఇసుక బస్తాలతో ఒక రాత్రి ఉంచండి. మొదటి నెల ట్రాఫిక్ లేని చోటే, హెల్మెట్‌తోనే తొక్కండి. వారానికోసారి ముందు గొట్టం చుట్టూ, పెడల్ ఇరుసు చుట్టూ దీపం పెట్టి సన్నని పగులు ఉందేమో చూడండి. వెంట్రుక మందం గీత కనిపించినా ఆ సైకిల్ ఎక్కకండి. ఎంత ముచ్చటగా కుదిరినా సరే, మీరు చేసిన మొదటి ఫ్రేము మీద మీరు తప్ప ఇంకెవరూ, ముఖ్యంగా పిల్లలు, ఎక్కకుండా చూసుకోండి.